మామా అని పిలవని మనిషి

పోయిన నెల మోకాళ్ల నొప్పులకి చూపించుకుందామని హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు గది బయట నా ఎదుటి కుర్చీలో నల్లటి అబాయా వేసుకున్న అరబ్బు ఆవిడ ఒకామె కూర్చుని ఉంది. ఒళ్లో కాలికి కట్టుతో ఒక పిల్లాడు. గల్ఫు నుంచి వైద్యానికి వచ్చినవాళ్లని చూడగానే తెలుస్తోంది. పిల్లాడు ఆమె మెడ పట్టుకుని "మామా, మామా" అని ఒకటే ఏడుపు. నా పక్కనున్న పెద్దాయన కాసేపు విని, "పాపం, మేనమామ మీద బెంగెట్టుకున్నట్టున్నాడండీ. తీసుకురావాల్సింది ఆయన్ని కూడా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన కంగారుపడి మంచినీళ్ల సీసా అందించాడు. మోకాలు బాగా సలుపుతోందని చెప్పి తప్పించుకున్నాను. నిజానికి నాకు కువైత్‌లో, మేమున్న జాబ్రియా పేటలో, ఒక మనిషి గుర్తొచ్చింది. ఆమె ఇప్పుడు లేదు. పోయిందని ఆ మధ్య ఎవరో చెప్పారు. పేరు చెప్పను. ఆ ఇంట్లో ఎవరూ ఆమెను పేరుతో పిలిచినవాళ్లు కారు.

ఎనభైల మొదటి రోజులు. కువైత్‌లో ఒక కువైతీ కుటుంబం ఇంటి వెనక, అదే ప్రహరీ లోపల, రెండు గదుల వాటాలో మేము అద్దెకుండేవాళ్లం. మావారు సబ్హాన్‌లో ఒక గోడౌన్లో స్టోర్‌కీపరు. నేను ఇండియన్ స్కూల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. ఇంటావిడ కూడా టీచరే. యాభై దగ్గరపడ్డ మనిషి, గొంతు పెద్దది, కోపం వచ్చినంత తొందరగానూ పోయేది. నన్ను "అబ్లా" అని పిలిచేది. అక్కడ పంతులమ్మలని అలాగే అంటారు. మావారు మొదటిసారి విన్నప్పుడు, "నిన్ను అబలా అంటోందేవిటే ఆవిడ! బాగా ఎరిగే అంటోందా?" అని పడీపడీ నవ్వారు.

ఒకరోజు పొద్దున నేను కిటికీలోంచి మావారితో ఏదో చెబుతుంటే పెరట్లో దభీమని బకెట్టు పడిన చప్పుడైంది. చూస్తే సన్నగా, పొడుగ్గా ఒక మనిషి, ముప్పై ఏళ్లుంటాయేమో, తడిబట్టలు కాళ్ల దగ్గర పడేసుకుని నా వైపే చూస్తోంది.

"ఓయక్కా! మన మాటేనా నీది?"

"మనదేనమ్మా."

"ఏ ఊరక్కా?"

"కాకినాడ దగ్గర."

"యాడుంటాదో అది." ఒక్క క్షణం ఆలోచించింది. "ఉండనీలే. మాట మనదే గదా."

కడప జిల్లాలో ఒక పల్లె ఆమెది. ఏజెంటు ఆఫీసు ద్వారా ఆ ఇంటికి పనికి వచ్చి వారమైందట. ఆ వారమంతా తెలుగు ముక్క చెవిన పడలేదు. ఆ రోజు నుంచి నేను అక్కనైపోయాను.

ఇంటావిడ ఇచ్చిన పొడుగాటి గౌను మీద నడుముకి ఒక తువ్వాలు బిగించి కట్టుకునేది, చీర కొంగు దోపుకున్నట్టు. అది లేకపోతే చేతులు ఆడవని చెప్పేది. ఎవరో వెనక తరుముతున్నట్టు నడిచేది. ఒంటరిగా ఉన్నా "యల్లా, యల్లా" అని తనను తానే అదిలించుకునేది. వచ్చిన అరబ్బీ మాటల్లో ఆమెకి బాగా నచ్చింది "ఖలాస్". ఉల్లిపాయలు నిండుకుంటే ఖలాస్, గ్యాసు అయిపోతే ఖలాస్, ఇంటావిడ కోపం దిగిపోతే అదీ ఖలాసే. "మన దాంట్లో ఒక్కోదానికి ఒక్కో మాట. అయిపాయ, చాలు, వదిలెయ్, తీరిపాయ. వీళ్లు అన్నింటికీ ఒకటే పెట్టుకున్యారు. సులువు గదక్కా" అనేది.

అన్ని మాటలూ అలా పట్టేసిన మనిషికి ఒక్క మాట మాత్రం నోటికి రాలేదు.

అక్కడ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఇంటావిడని "మామా" అని పిలవాలి. అరబ్బీలో అమ్మ అని. వచ్చిన మొదటిరోజే ఆవిడ నేర్పబోయింది. ఆ సంగతి ఆమె నాకు అభినయించి మరీ చెప్పింది.

"రొమ్ము మీద ఏలు బెట్టుకోని 'మామా' అంటాదక్కా. ఆడమనిషి మామేందబ్బా అనుకున్యా. నవ్వొచ్చింది. ఆమె నవ్వల్యా. తిరగా 'మామా' అంటాది. నా దిక్కు జూపించి అనమంటాది. నవ్వు పోయి భయమాయ."

"అనేస్తే పోయేదిగా?"

"నోరు రాదక్కా" అని లేచి వెళ్లిపోయింది.

పక్కింట్లో పనిచేసే సింహళ అమ్మాయిది ఇంకోరకం తికమక. వాళ్ల భాషలో "మమ" అంటే "నేను". వాళ్లింటావిడ కూడా గుండెల మీద వేలు పెట్టుకుని ఆ మాట అనేసరికి, "ఈవిడకి మా భాష వచ్చు కాబోలు" అని సంబరపడిపోయిందట. మర్నాడు తనకి జ్వరంగా ఉందని సింహళంలో ఎంత చెప్పుకున్నా ఆవిడ తెల్లమొహం వేసిందట.

మావారు సరదాకి గోడౌన్లో అందరినీ అడిగి వచ్చేవారు. బంగ్లాదేశ్ కుర్రాళ్లకి మామా అంటే మేనమామ. అయినా వాళ్లు లారీ డ్రైవర్నీ, టీ అమ్మేవాణ్ణీ కూడా మామా అనే పిలుస్తారు. వరస కలుపుకోవడానికి అంతకంటే తేలికైన మాట లేదు వాళ్లకి. హిందీవాళ్లకి అమ్మ తోడబుట్టినవాడే, మరొకడు కాడు. నాకైతే మావయ్యగారంటే మావారి నాన్నగారు. ఆ మాట తలుపు చాటు నుంచి, గొంతు తగ్గించి పలికేదాన్ని. ఇక పంతులుగారు సంకల్పంలో చెప్పించే "మమ" అంటే "నా యొక్క" అని అర్థం. పని ఎలాగోలా అయిందనిపించడానికి మమ అనిపించామంటాం. ఆ వీధిలో పనిమనుషులందరూ ఇంటావిడ పిలుపు విషయంలో అలాగే మమ అనిపించేశారు. ఈమె ఒక్కతే అనిపించలేకపోయింది.

ఇంటావిడతో పని పడితే ఎదురుగా వెళ్లి నిలబడి "ఇదో" అనేది. ఇటు చూడు అని. వంటింటి గుమ్మంలో ఇదో, మేడ మెట్ల కింద ఇదో. అది ఆమె పేరేమో అనుకుని ఆ ఇంటి పిల్లలు ఆమెని "ఇదో" అని పిలవడం మొదలుపెట్టారు. "ఇదో! మాయ్!" అంటే ఇదో మంచినీళ్లు తెచ్చిపెట్టాలన్నమాట. పిల్లలకి ఆమె బాగా నచ్చింది. చపాతీ పిండితో ఎద్దుల్ని చేసి ఇచ్చేది. ఎద్దుని ఎరగని ఆ పిల్లలు వాటిని ఒంటెలనేవారు. "మూపురముండాది గదా, అయితే అయిందిలే" అని ఒప్పుకునేది.

ఇంటావిడకి మాత్రం ఆ "ఇదో" మింగుడు పడలేదు. నెలలు గడిచేకొద్దీ ఆవిడ మనసులో అది ముల్లులా కూర్చుంది. ఒకరోజు నన్ను పైకి పిలిచి, టీ పోసి, వచ్చిన ఇంగ్లీషులో అరబ్బీ కలిపి అంది: "అబ్లా, పని బాగా చేస్తుంది. పిల్లల్ని బాగా చూస్తుంది. కానీ నన్ను గౌరవించదు. మా అక్క ఇంట్లో అమ్మాయి మామా అంటుంది, ఎదురింట్లో అమ్మాయి అంటుంది. ఈమెకు నేనంటే అసహ్యమా? అలాంటి మనిషిని ఇంట్లో ఎలా పెట్టుకోను? ఆఫీసుకి తిరిగి పంపించేద్దామనుకుంటున్నాను."

తిరిగి పంపడమంటే ఏమిటో నాకు తెలుసు. ఇంకో ఇంటికి పంపుతారు, అది ఎలాంటి ఇల్లో చెప్పలేం. లేదా ఊరికి పంపేస్తారు. ఊళ్లో ఇద్దరు పిల్లలు, బావి తవ్వుతుంటే మన్ను విరిగిపడి కాలు నుజ్జయిన మొగుడు. ఆ మొగుడే వండి పిల్లలకి పెట్టుకుంటున్నాడని ఆమె అప్పటికే నాకు చెప్పి ఉంది. కిందికొచ్చి ఆమెకి నచ్చజెప్పబోయాను. తల అడ్డంగా ఊపింది తప్ప కారణం చెప్పలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లోవాళ్లందరూ బంధువుల ఇంటికి భోజనానికి వెళ్లారు. ఆమె మా గుమ్మం దగ్గరికి వచ్చి, ఊరికి క్యాసెట్టు పంపాలి, మా టేప్‌రికార్డరు ఒకసారి ఇమ్మని అడిగింది. అప్పట్లో చాలామంది ఉత్తరం రాయకుండా గొంతే పంపించేవారు. సెలవు మీద వెళ్లేవాళ్ల చేతికి ఇస్తే ఇంటికి చేరేది. నేను బటన్లు నొక్కి గుమ్మంలో పెట్టాను. ఆమె కాళ్లు ముడుచుకుని దాని ముందు కూర్చుంది, ఎదుట మనిషి ఉన్నట్టు తువ్వాలు సర్దుకుంది.

"మామా" అంది.

ఆ గొంతు నేను అంతవరకూ వినలేదు. ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడే మనిషి, పాలు పొంగకుండా ఊదినంత మెత్తగా మాట్లాడుతోంది.

"ఓ మామా. నేనే. బాగుండావా? కాలు ఎట్లుండాది? నువ్వు వంగి నీళ్లు చేదొద్దు, పిల్లోళ్లను చేదమను. మామా, చిన్నోడు కూడు తింటాండాడా? ఇంటాండావా మామా?"

గేటు దగ్గర ఏదో కదిలింది. ఇంటావిడ. వండిన గిన్నె ఒకటి మర్చిపోయి కారు వీధిలో ఆపి లోపలికి వచ్చినట్టుంది. నిలబడిపోయింది. ఇన్ని నెలలుగా అడిగి అడిగి విసిగిపోయిన మాట, అంత ప్రేమగా, పదేపదే తన చెవిన పడుతోంది. ఆవిడ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. గబగబా వచ్చి, "నన్నేనా పిలిచావు?" అని అరబ్బీలో అడిగింది.

ఆమె ఉలిక్కిపడి లేచి నిలబడింది. టేపు తిరుగుతూనే ఉంది. ఇంటావిడ టేప్‌రికార్డరు వైపు చూసింది, ఆమె వైపు చూసింది, చివరికి నా వైపు చూసింది.

"ఇప్పటికైనా చెప్పమ్మా. ఏవిటిది?" అన్నాను.

"ఏం జెప్పల్లక్కా. నాకు మాటలొచ్చినకాడ్నించి ఆయప్ప నాకు మామే. మాయమ్మ తమ్ముడు. బుజాన ఎత్తుకోని తిరిగినోడు. పెండ్లయింది. మాట మారల్యా, మనిషీ మారల్యా. ఇప్పుడు ఈమెను అట్ల పిలిస్తే, పక్కనుంచి ఆయప్ప పలుకుతాడనిపిస్తాది. పలకడు గదా ఈడ. అందుకే నోరు రాదు. ఆమె మింద కోపమేం లేదని చెప్పక్కా."

నాకొచ్చిన అరబ్బీ అంతా కూడగట్టుకుని చెప్పాను. మా భాషలో మామా అంటే తల్లి కాదు, తల్లి తమ్ముడు, ఈమె ఆయన్నే పెళ్లి చేసుకుంది అని. ఇంటావిడ గుడ్లు తేలేసింది. "తల్లి తమ్ముణ్ణా! హరామ్!" అంది. మా వైపు అది ఆచారమేనని చెప్పాను. చెప్పి ఇంకా చెడగొట్టానేమోనని భయపడ్డాను కూడా.  ఆవిడ మాత్రం ఇంకా తిరుగుతున్న టేపునే చూస్తోంది.

"అతను ఇప్పుడు దీంట్లో ఈ మాటలన్నీ వింటాడా?" అని అడిగింది.

"వింటాడు."

"నేను అడిగింది కూడా వింటాడా?"

"అదీ వింటాడు."

ఇంటావిడ ఫక్కున నవ్వింది. వంగి, టేప్‌రికార్డరు దగ్గరగా నోరు పెట్టి, "సలామ్ అలైకుమ్" అంది. ఆ తర్వాత నాతో, "ఆమె మాట ఆమె దగ్గరే ఉండనీ అబ్లా. వచ్చి నిలబడితే చాలు, నేనే తలెత్తి చూస్తాను" అని గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. తిరిగి పంపించే ఊసు మళ్లీ ఎత్తలేదు.

జవాబు క్యాసెట్టు వచ్చేసరికి చలికాలం వచ్చింది. ఆయన మహా సిగ్గరి. "ఆ... నేనే. బాగుండాం" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. కోడి అరుపు, గిలక చప్పుడు, ఒక దగ్గు. వెనక నుంచి పిల్లలు "మాట్లాడు నాయనా" అని తోస్తున్నారు. "ఎవురో పలకరించినారే, ఆమెను అడిగినానని చెప్పు" అన్నాడు. అంతే. మిగతాదంతా పిల్లల అల్లరి. ఆమె మాత్రం ఆ ఖాళీ చోటే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి వినేది.

"ఇదో, ఈడ ఊపిరి తీసినాడు సూడక్కా. ఏదో అనబోయినాడు."

"ఏమనబోయాడంటావు?"

"'అమ్మీ' అని ఉంటాడు, నన్ను అట్లనే పిలుస్తాడు. పిల్లోళ్లుండారని ఆపుకున్యాడు."

ఆ తర్వాత ఒక ఎండాకాలంలో, శుక్రవారం మధ్యాహ్నం గేటు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. సులైబియాలో తోటల్లో పనిచేసే వాళ్ల ఊరివాడు. ఎండకి ముఖం మాడిపోయి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు. నేను బయటికి వెళితే, తలపాగా తీసి చేతుల్లో నలుపుతూ, "మీరే చెప్పాల మేడమ్. వాళ్ల మామ పోయినాడు. జరమొచ్చింది, నిలవల్యా. అన్నీ అయిపోయినాయంట" అన్నాడు.

నేను చెప్పే అవసరం రాలేదు. బట్టల బకెట్టుతో "యల్లా, యల్లా" అనుకుంటూ పెరట్లోకి వచ్చిన మనిషి అతన్ని చూసింది. అతను తల దించుకున్నాడు. ఆమె బకెట్టు జాగ్రత్తగా కింద పెట్టి, కొళాయి పక్కన తడినేల మీద కూర్చుంది. ఏడవలేదు. కొళాయి వైపు చూస్తూ కూర్చుంది. నేను భుజం మీద చెయ్యి వేస్తే, అది ఎవరి చెయ్యో తెలియనట్టు చూసింది. నాకు భయమేసి ఇంటావిడని కేకేశాను.

ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఈమె భర్త చనిపోయాడు" అన్నాను. ఒట్టికాళ్లతో, కాలిపోతున్న గచ్చు మీద పరుగెత్తుకొచ్చింది. ప్రార్థనకి కట్టుకున్న మంచి బట్టలతోనే ఆ తడిలో కూర్చుని ఆమె తలని తన గుండెకి అదుముకుంది. వీపు నిమురుతూ, ఊపుతూ, "బస్ మామా, బస్... ఖలాస్ మామా... ఖలాస్" అనడం మొదలుపెట్టింది. ఆవిడ కళ్లల్లోంచి కూడా నీళ్లు కారుతున్నాయి.

అరబ్బుల్లో ఒక ముచ్చట ఉంది. బిడ్డ తల్లిని ఏమని పిలుస్తుందో, తల్లి కూడా బిడ్డని ముద్దుగా అలాగే పిలుస్తుంది. మనం కూతుర్ని అమ్మా అనీ, కొడుకుని నాన్నా అనీ పిలుచుకోమూ, అలాగే. ఊరుకో తల్లీ, ఇక ఊరుకో అంటోంది ఇంటావిడ. కానీ ఆమెకి తెలిసిన ఖలాస్ వేరు, తెలిసిన మామ వేరు. ఆ రెండు మాటలూ పక్కపక్కన చెవిన పడగానే ఆమె ఒళ్లంతా ఒక్కసారి కదిలిపోయింది. "మామా!" అని పెద్దగా అరిచి ఏడ్చింది. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు అదే మాట అంటూ ఉండిపోయారు, ఒకరు ఓదారుస్తూ, ఒకరు పోయినవాణ్ణి పిలుస్తూ. గేటు దగ్గర మనిషి చేతిలోని తలపాగాతో ముఖం కప్పుకున్నాడు.

ఊరికి వెళ్లిరా, టిక్కెట్టు కొనిస్తానంది ఇంటావిడ. "పోయి ఏం జూడాలక్కా. పిల్లోళ్లను మాయమ్మ పిల్చుకోని పోయిందంట. ఇంగ ఆ ఇంట్లో ఏముండాది" అని వెళ్లలేదు. కొన్నాళ్లకి నా దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ తనే ఎత్తింది ఆ మాట.

"సూడక్కా. కండ్లతో సూడని మనిషిని ఆమె ఎట్ల పిలిచి ఏడ్చిందో. మామా ఖలాస్, మామా ఖలాస్ అని. ఆయప్ప కోసం ఈ దేశంలో ఏడ్చేదానికి ఇంగొకరు ఉంటారని నేను అనుకోల్యా."

ఆవిడ ఏడ్చింది నీ కోసమే అని చెప్పబోయి ఆగాను. దిద్దడానికి అందులో తప్పేం కనిపించలేదు. ఎంత ఆలోచించినా ఇప్పటికీ కనిపించదు. ఈ మాట ఎక్కడిదో తెలుసుకుందామని ఆ తర్వాత నేను దొరికిన పుస్తకాల్లో వెతికాను. పాలు తాగే బిడ్డ రొమ్ము వదలకుండా, పెదాలు మూసే చేసే చప్పుడే దీనికి మొదలు అంటారు కొందరు. అది ఎవరినీ పిలవడం కాదు, ఊరికే చప్పుడు. పెద్దవాళ్లు దాన్ని అందుకుని తమకి కావలసినవాళ్లకి కట్టబెట్టారు. చాలా దేశాలవాళ్లు తల్లికిచ్చారు. జార్జియా వాళ్లు తండ్రికిచ్చారు. మనం అమ్మ తమ్ముడికిచ్చాం. సింహళులు ఎవరికీ ఇవ్వకుండా తమ దగ్గరే ఉంచుకున్నారు. ఈ లెక్కన ఎవరు ఎవరికిచ్చినా కాదనడానికి మనమెవరం?

చలికాలంలో ఒకరోజు పొద్దున్నే చిన్న తుంపర పడింది. నేను స్కూలుకి బయల్దేరుతున్నాను. ఆమె పెరట్లో ఆరేసిన బట్టలు గబగబా లాగుతూ, ఇంటావిడ శాలువా కూడా తడిసిందని చెప్పడానికేమో, మేడ వైపు తలెత్తింది. నోరు తెరిచింది. ఇదో అంటుందనుకున్నాను.

"మామా!" అని పిలిచింది.

పైనుంచి పలుకు లేదు. పిల్లలెవరో పిలిచారనుకుని ఉంటుంది ఆవిడ. ఆమె ఇంకోసారి, కొంచెం పెద్దగా, "మామా!" అంది. మేడ మీద కిటికీ తెరుచుకుంది. ఇంటావిడ తొంగిచూసి, పెరట్లో ఆమె తప్ప ఎవరూ లేకపోవడం చూసి, అలాగే ఉండిపోయింది. తర్వాత చేత్తో కళ్లు ఒత్తుకుని లోపలికి వెళ్లింది.

నేను గుమ్మం దిగి ఆమె దగ్గరికి వెళ్లాను. "నోరు వచ్చిందేవమ్మా?" అన్నాను.

బట్టలు చంకలో పెట్టుకుని నేల చూస్తూ నిలబడింది.

"పుట్టినకాడ్నించి దినామూ అన్న మాటక్కా. ఇప్పుడు ఎవుర్ని అనల్ల? అనకుండా ఉండల్లంటే నోరు ఎండిపోతాది. ఆయప్ప కోసం నాతోపాటు ఏడ్చిన మనిషి. ఆమెకిచ్చినా."

పైనుంచి ఇంటావిడ గొంతు వినిపించింది, శాలువా తెమ్మని.

"వచ్చాండా, మామా!" అని కేకేసి, తువ్వాలు బిగించుకుని మెట్లెక్కింది.